అప్‌డేట్: అలుగు (పాంగోలిన్), యాంట్‌ఈటర్ చుట్టాలేనా?

రెండింటికీ పళ్లు లేవు, పొడుగు నాలుకతో చీమలు తింటాయి, మరి ఒకే గుంపేనా అని అడిగాను కదా. కాదట. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

'డీఎన్‌ఏ చూడండి' అన్న సలహాయే పనిచేసింది. మా అమ్మాయి కాలేజీ జువాలజీ మేడమ్ కూడా అదే చెప్పారు: ఒకప్పుడు రెండింటినీ 'ఈడెంటాటా'లో, అంటే పళ్లు లేనివాటిలో కలిపేశారు. డీఎన్‌ఏ చూశాక ఇప్పుడు యాంట్‌ఈటర్, చెట్లకు వేలాడే స్లాత్, ఒంటికి గట్టి కవచముండే ఆర్మడిల్లోలతో కలిసి జెనార్త్రా అనే గుంపులో ఉంది. అలుగుది ఫోలిడోటా అనే వేరే గుంపు, దానికి దగ్గరి బంధువులు పిల్లి, కుక్క జాతులు!

నేను పట్టుకు వేలాడిన పళ్ల సంగతి అసలు లెక్కలోకే రాలేదు. స్లాత్‌కీ, ఆర్మడిల్లోకీ పళ్లున్నాయి మరి. అలుగైతే మింగిన చిన్న రాళ్లతో కడుపులోనే తిండి నూరుకుంటుందట. అలుగు ఒంటి మీది పొలుసులూ ఆధారం కాదు, అవి మన గోళ్లలాంటి కెరటినే.

ప్రాజెక్టు చార్టు మళ్లీ గీశాం.