లిట్‌లో చీనీ ధరల పట్టిక: కొత్త ధర చేరినా తెర మీద రావడం లేదు

ప్రశ్న

మాది అనంతపురం. మార్కెట్ యార్డులో మా నాయనకు చీనీ (బత్తాయి) మండీ ఉంది. వేలంలో టన్ను ఎంత పలికిందో వెంటనే తెలిసేలా ఒక పేజీ చేశాను. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు వైపు రైతులు అది చూసుకునే కాయ కోయించాలా, ఇంకో రెండు రోజులు చెట్టు మీదే ఉంచాలా అని తేల్చుకుంటారు. అందుకే ధర ఆలస్యమైతే నాకు టెన్షన్.

మొదట రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చేశాను. తోటల్లో సిగ్నల్ ఒక గీత ఉంటే ఎక్కువ, పేజీ తెల్లగా అలాగే ఉండిపోయేది. ఒక పెద్దాయన మండీకి వచ్చినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వే చూడు నాయనా, ఎంతసేపటికీ రాదు" అన్నాడు. ఆ రాత్రే లిట్ అనే చిన్న లైబ్రరీకి మార్చడం మొదలుపెట్టాను. కుదించాక 5 కేబీ దగ్గరే ఉంటుంది, బ్యాక్‌టిక్‌ల మధ్య మామూలు హెచ్‌టీఎంఎల్ రాసుకోవచ్చు. చాలా నచ్చింది.

చిక్కు ఏమిటంటే, ఒక రాశి వేలం అయిపోగానే దాని ధరను అర్రేలోకి, అంటే ధరల జాబితా చివరకి, పుష్ చేస్తున్నాను. కన్సోల్‌లో కనిపిస్తుంది, పట్టికలో వరుస రాదు. రిఫ్రెష్ చేస్తేనే వస్తుంది. పైగా బయటి స్టైల్ షీట్‌లో గళ్లకు ఇచ్చిన రంగులు కూడా పడటం లేదు.

జవాబు (కర్నూలు)

పుష్ చేసినా అర్రే పాతదే కదా. లిట్ పాత విలువను, కొత్త విలువను పోల్చి చూస్తుంది. రెండూ ఒకటే అర్రే కాబట్టి ఏమీ మారలేదనుకుంటుంది. మూడు చుక్కల స్ప్రెడ్‌తో పాత వరుసలు, కొత్త వరుస కలిపి కొత్త అర్రే చేసి, దాన్నే మళ్లీ ప్రాపర్టీకి ఇవ్వండి. మళ్లీ గీయమని లిట్‌కు చెప్పే రిక్వెస్ట్‌అప్‌డేట్ పిలిచినా పని జరుగుతుంది కానీ, ఒక్క చోట మరిచిపోయినా ఇదే గొడవ. నేనైతే ఆ దారి పట్టను.

పై ఎలిమెంట్ (పట్టికను తనలో పెట్టుకున్న ట్యాగ్) నుంచి అర్రే పంపేటప్పుడు పేరు ముందు చుక్క ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే అది యాట్రిబ్యూట్‌గా, ఉత్త అక్షరాలుగా వెళ్తుంది.

జవాబు (ప్రొద్దుటూరు)

రంగుల సంగతి షాడో డామ్ వల్ల, అంటే ఎలిమెంట్ లోపలి భాగాన్ని బయటి స్టైల్స్ నుంచి వేరుగా ఉంచే గోడ లాంటిది. ఫాంట్, అక్షరాల రంగు లాంటివి బయటి నుంచి వారసత్వంగా వస్తాయి. క్లాస్ పేరుతో రాసిన రూల్స్ మాత్రం లోపలికి రావు. వాటిని ఎలిమెంట్‌లోనే స్టాటిక్ స్టైల్స్‌లో పెట్టండి. రంగులు బయటి నుంచే మార్చాలంటే సీఎస్ఎస్ వేరియబుల్స్ వాడండి, అవి లోపలికి వస్తాయి.

ఒక మాట అడుగుతాను. తెలుగు ఫాంట్ ఏమైనా దింపుతున్నారా? 5 కేబీ లైబ్రరీ కోసం ఇంత కష్టపడి, పక్కనే అంతకు ఎన్నో రెట్ల బరువున్న ఫాంట్ పెట్టిన పేజీలు చాలా చూశాను. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూడండి.

జవాబు (ఆదోని)

ఒక్క పట్టికకు లైబ్రరీ ఎందుకన్నా? టెంప్లేట్ ట్యాగ్ పెట్టి, క్లోన్ చేసి, టెక్స్ట్‌కంటెంట్ నింపితే చాలు. బ్రౌజర్‌లో ఉన్నదే సరిపోతుంది.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. స్ప్రెడ్ పెట్టగానే వరుస వచ్చేసింది.

ఆదోని అన్నా, నిజమే, ఒక్క పట్టికే అయితే అలాగే చేసేవాణ్ని. కానీ కాయ సైజును బట్టి ధర వేరు, ఒక్కో రకానికి ఒక్కో గడి కావాలని నాయన అడుగుతున్నాడు. ఒక ధర మారితే ఆ గడి ఒక్కటే మారాలి. అది చేత్తో రాస్తే నేను తప్పకుండా ఎక్కడో తప్పు చేస్తాను. లిట్ అయితే మారే చోటునే మారుస్తుంది, నేను వేలం మీద కన్నేసి ఉండొచ్చు.

ప్రొద్దుటూరు వారు అడిగింది సరిగ్గా తగిలింది. రెండు ఫాంట్ ఫైళ్లు దిగుతున్నాయి, మిగతా పేజీ మొత్తం కంటే అవే బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంటుంది కాబట్టి రెండూ తీసేశాను. రేపు వేలం మొదలయ్యే ముందు ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, తోటలోనే ఉండి తెరిచి చూడమంటాను.