అభివృద్ధి రంగంలో ఉద్యోగం: ముందు బ్రిటన్‌కా, ముందు ములుగుకా?

పరకాల అమ్మాయి:
కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఈ ఏడాదే పూర్తయింది. బ్రిటన్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది. విదేశాల్లో చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంజూరైతే 20 లక్షలు వస్తాయి. మిగతాదానికి బాపు పేరు మీదున్న రెండెకరాలు బ్యాంకులో పెట్టాలి. ఇంకోవైపు ములుగు దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా రమ్మంటోంది, నెలకు 16 వేలు. ఎప్పటికైనా అంతర్జాతీయ సంస్థల్లో పేదరికం మీద పని చేయాలన్నది నా కోరిక. బాపు మాత్రం ఇవన్నీ వద్దు, గ్రూప్-2 రాయమంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఏమంటారు?

కాజీపేట జంక్షన్:
చెల్లె, భూమి పెట్టి వెళ్లకు. ఈ రంగంలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడు. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సహాయాన్ని 90 రోజులు ఆపేసింది. మార్చి వచ్చేసరికి తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ప్రోగ్రాముల్లో 83 శాతం రద్దు చేస్తున్నామని ప్రకటించింది, జూలై 1న మిగిలినదాన్ని విదేశాంగ శాఖలో కలిపేసింది. నువ్వు వెళ్తానంటున్న బ్రిటన్ కూడా తన జాతీయాదాయంలో సహాయానికి ఇచ్చే 0.5 శాతాన్ని 2027కల్లా 0.3కు తగ్గిస్తానని చెప్పింది. పదేళ్లు, పదిహేనేళ్లు అనుభవం ఉన్నవాళ్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నారు. కొత్తగా డిగ్రీ పట్టుకుని వచ్చిన నువ్వు వాళ్లతో పోటీ పడాలి. చదువయ్యాక అక్కడ ఉండి వెతుక్కునే వీసా గడువును కూడా 2027 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నారు. అప్పు గడువు మాత్రం తగ్గదు.

సంఘాల అక్క:
నేను 20 ఏళ్లుగా మహిళా సంఘాలతో పని చేస్తున్నాను. తల్లీ, ముందు ములుగు వెళ్లు.

బయటివాళ్లు నేర్చుకోవడానికి వచ్చే పని మన దగ్గరే జరిగింది. ముల్కనూరు సహకార బ్యాంకు 1956లో మొదలైంది. అదే ఊళ్లో 2000లో మహిళలు సొంత డెయిరీ పెట్టుకున్నారు, పాలూ వాళ్లవే, పాలకవర్గమూ వాళ్లదే. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలుపెట్టినప్పుడు మన సంఘాల అనుభవమే దానికి పెద్ద ఆధారం. మన మహిళా సంఘాల కూటమి ఓరుగల్లు మహా సమాఖ్య నుంచి మన ఆడవాళ్లు వేరే రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టించారు. మా మండలం నుంచి ఒకామె వెళ్లింది, ఏడో తరగతి చదువు, హిందీ అంతంతే. ఒక్కో ఊళ్లో 15 రోజులుండి పంచసూత్రాలు నేర్పి వచ్చింది: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాపసు, పుస్తకాలు. అప్పుల పుస్తకం తెరిచి, ఈ నెల ఎవరు కట్టలేదో, ఎందుకు కట్టలేదో చదవడం వచ్చినదానివైతే ఏ దేశం వెళ్లినా నీ మాటకు విలువ ఉంటుంది.

ఏటూరునాగారం తమ్ముడు:
అక్కా, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోవడం లేదు. "ముందు ఊరు" అనే సలహా మాలాంటి ఊరి పిల్లలకే ఎందుకు ఇస్తారు? ఢిల్లీ పిల్లలు ఇంటర్న్‌షిప్ నుంచి నేరుగా ప్రోగ్రాం ఆఫీసర్ అవుతారు. నేను మూడేళ్లు ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేశాను. 14 వేల జీతం, బండి పెట్రోలు నాదే, ఒకసారి నాలుగు నెలలు జీతం రాలేదు. ఊళ్లలో తిరిగి వివరాలన్నీ నేను తెస్తే, వాటితో ఇంగ్లిష్‌లో ప్రపోజల్ ఇంకొకరు రాశారు, పేరూ వాళ్లదే. చిన్న సంస్థల పరిస్థితి 2020లో విదేశీ విరాళాల చట్టం మారాక ఇంకా దిగజారింది. పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును చిన్నదానికి ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి పడింది. ఐక్యరాజ్యసమితిలో పీ-2 అనే కింది స్థాయి ఆఫీసర్ పోస్టుకు మాస్టర్స్‌తో పాటు కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు. అనుభవం ఊళ్లో దొరుకుతుంది సరే, ఆ పోస్టు ఉందని చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? విద్యానిధి పెట్టిందే మనలాంటివాళ్ల కోసం. చెల్లె వెళ్లాలి.

నర్సంపేట:
మీ ఇద్దరి మాటల్లోనూ ఒకటి తప్పిపోయింది. 2010లో నేను ఇంటర్. మా వాడలో మైక్రోఫైనాన్స్, అంటే ఆడవాళ్ల గుంపులకు చిన్న అప్పులిచ్చే కంపెనీల, మీటింగు వారానికోసారి పొద్దున ఏడింటికి. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లంతా వెళ్లి ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. మా పెద్దమ్మ ఒక కంపెనీ వాయిదా కోసం ఇంకో కంపెనీలో అప్పు తీసుకుంది, దాన్ని తీర్చడానికి మూడోది. మూడు చోట్లా ఒక్క వాయిదా కూడా తప్పని మంచి ఖాతాదారు! ఎక్కడో దూరంగా కూర్చుని పెట్టుబడి పెట్టినవాళ్లకు కనిపించింది ఆ వసూలు అంకె ఒక్కటే. పెద్దమ్మ పుస్తెలు అమ్మిన సంగతి ఏ రిపోర్టులోనూ లేదు.

ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వసూళ్లు పోయి నెలవారీ వాయిదాలు వచ్చాయి, ఇంటి ముందు కూర్చోవడం ఆగింది. మా వాడంతా ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ తర్వాత కొత్త అప్పు ఇచ్చేవాడు లేడు. వానాకాలం పత్తి గింజలకు పెద్దమ్మ మళ్లీ నూటికి మూడు రూపాయల వడ్డీకే తెచ్చింది.

అప్పుడు నాకు కోపం తప్ప ఏమీ తెలియదు. ఒక కంపెనీ ఇచ్చిన అప్పు ఇంకో కంపెనీకి కనిపించే ఏర్పాటే అప్పట్లో ఈ చిన్న అప్పులకు లేదన్నది మాస్టర్స్ చదివాకే అర్థమైంది. ఊళ్లో ఉన్నంత మాత్రాన అది తెలియదక్కా. అయితే పెద్దమ్మను చూసి ఉండకపోతే ఆ పాఠం నాకు పరీక్ష కోసం చదివిన పాఠంగానే మిగిలేది. నేను చదివింది హైదరాబాద్‌లోనే, భూమి పెట్టలేదు. రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) ఉంది, టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) హైదరాబాద్ ఉంది, గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా (గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ) ఉంది. ఇర్మా ఫీజు ఎక్కువే, కానీ బ్రిటన్ ఖర్చుతో పోల్చేంత కాదు.

సంఘాల అక్క:
ఏటూరునాగారం తమ్ముడు చెప్పిన జీతం మాట నిజం. ఆకలితో సేవ చేయమని నేను అనను. తల్లీ, చేరేముందు ఆ సంస్థను మూడు అడుగు: జీతం ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది, ఆ ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంది, రిపోర్టులు నాతో రాయిస్తారా. మూడోదానికి కాదంటే వెళ్లకు.

కాజీపేట జంక్షన్:
విద్యానిధి రాకపోతే బ్రిటన్ ఆలోచన అక్కడితో ఆపెయ్ చెల్లె. వస్తే మిగతా అప్పు ఎంతో లెక్క వేసి ఇక్కడ పెట్టు, నేను కూడా చూస్తాను.

పరకాల అమ్మాయి:
అందరికీ థాంక్స్. సీటును ఒక ఏడాది వాయిదా వేస్తారా అని యూనివర్సిటీకి ఈ రోజే మెయిల్ పెట్టాను. విద్యానిధి దరఖాస్తు కూడా వచ్చే ఏడాదికి పనికొస్తుందో లేదో హన్మకొండ ఆఫీసులో అడగాలి. సోమవారం ములుగు వెళ్తున్నాను, అక్క చెప్పిన మూడూ అడుగుతాను. నర్సంపేట అన్నా, మీ పెద్దమ్మ ఇప్పుడు ఏ సంఘంలోనైనా ఉన్నారా? ఒకసారి వచ్చి కలవొచ్చా?