అమెరికన్ కంట్రీ గాయని కేసీ మస్‌గ్రేవ్స్ 2024 ఆల్బం 'డీపర్ వెల్': రివ్యూలు మెచ్చుకుంటున్నాయి, మీకు ఎక్కిందా?

ఫ్రిస్కో_డ్రైవర్
మార్చి 15న వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఇదే వింటున్నా. 14 పాటలు, 42 నిమిషాలు, మా ట్రాఫిక్‌కి సరిగ్గా సరిపోతుంది. రివ్యూలు చూస్తే ఎక్కువమంది హాయిగా ఉంది, మనసు కుదుటపడేలా ఉంది అంటున్నారు, కొందరేమో మరీ మెత్తగా ఉంది, ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైనట్టే తెలియట్లేదు అంటున్నారు. నాకు రెండో మాటే నిజమనిపిస్తోంది, అలా అనిపిస్తున్నందుకు బాధగా కూడా ఉంది, ఎందుకంటే 2018లో ఈవిడదే గోల్డెన్ అవర్ ఆల్బం వచ్చినప్పుడు నేను అమెరికాకి కొత్త, ఒక్కణ్ణే ఉండేవాణ్ణి, ఆ ఏడాదంతా ఆ ఆల్బమే నాకు తోడు. మూడు విషయాలు అడగాలి. ఒకటి, కారులో కాకుండా హెడ్‌ఫోన్స్‌లో వింటే మారుతుందా? రెండు, మా ఆవిడకి కంట్రీ అంటే, ఈ అమెరికా పల్లెల సంగీతమంటే, అస్సలు పడదు, ఏ ఆల్బంతో మొదలుపెట్టించాలి? మూడు, వినైల్ (గ్రామఫోన్ రికార్డు) కొనొచ్చా?

బావిగట్టు
మెత్తగా ఉందన్నవాళ్ళు ఒకసారి ఆస్పత్రిలో రాత్రిపూట కూర్చుని వినాలండీ. జనవరిలో మా అమ్మ పోయారు. ఇందులో పదో పాట ఉంది కదా, ఇదంతా ఎవరైనా కూర్చుని గీసిన ప్లానేనా, లేక ఊరికే అలా జరిగిపోతోందా అని దేవుణ్ణి నిలదీసేది, దాన్ని ఆ నెలంతా మనసులో నేను అడుగుతూనే ఉన్నా. మూడు నిమిషాల పాటలో ఎవరో నా ప్రశ్నే అడిగితే కారు పక్కన ఆపుకుని ఏడ్చాను. డీపర్ వెల్, అంటే ఇంకా లోతైన బావి, అన్న టైటిల్ గురించి కూడా రివ్యూల్లో ఏదేదో రాశారు, మనకి అంత వివరణ అక్కర్లేదు. మా ఊళ్ళో ఎండాకాలం బావి అడుగంటితే కొత్తది తవ్వేవాళ్ళు కాదు, ఉన్నదాంట్లోనే దిగి పూడిక తీసేవాళ్ళు, అప్పుడు మళ్ళీ ఊట వచ్చేది. కేసీ చేసింది అదే. పొద్దున లేవగానే గంజాయి తాగే అలవాటు మానేశాను, నన్ను పీల్చేసే మనుషుల్ని వదిలేశాను అని పాడుతోంది. అది పూడిక తియ్యడమే.

గిటార్_మాస్టారు
22 ఏళ్ళుగా గిటార్ నేర్పుతున్నాను కాబట్టి చెప్తున్నా, అందరూ అసలు పాయింట్ వదిలేస్తున్నారు. ఇది కంట్రీ ఆల్బమే కాదు. రికార్డ్ చేసింది న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో, అది రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్నది. చాలా పాటల్లో వినిపించేది వేళ్ళతో మీటే అకౌస్టిక్ గిటార్, అరవైల నాటి ఫోక్ (జానపద) పద్ధతి. నా దగ్గరికొచ్చే పిల్లలకి ఈ ప్యాటర్న్ మూడో నెలలో నేర్పిస్తా. కంట్రీ అని లేబుల్ వేసుకుని తిరగడం వల్లే రివ్యూలు రాసేవాళ్ళు కూడా కన్‌ఫ్యూజ్ అవుతున్నారు. నన్నడిగితే గోల్డెన్ అవర్ కూడా పాప్ ఆల్బమే.

నాష్‌విల్_తెలుగోడు
మాస్టారూ, గోల్డెన్ అవర్ పాపా?? 2018లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) వాళ్ళే దానికి ఆల్బం ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు, 2019లో నాలుగు గ్రామీ అవార్డులు వచ్చాయి, అందులో మూడు కంట్రీ విభాగంలోనే, నాలుగోది మొత్తానికే ఆల్బం ఆఫ్ ద ఇయర్. కంట్రీకి పుట్టిల్లు లాంటి నాష్‌విల్ బయట, గాయని షెరిల్ క్రో గుర్రాలశాల పైనున్న స్టూడియోలో చేశారు దాన్ని, ఇంకేం కావాలి? గొంతుని మర గొంతులా మార్చే వోకోడర్ పక్కనే బాంజో పెట్టినంత మాత్రాన పాప్ అయిపోతుందా? మీలాంటి మాటలే మాట్లాడి 2021లో గ్రామీ కమిటీ ఆవిడ తర్వాతి ఆల్బం స్టార్ క్రాస్డ్‌ని కంట్రీ ఆల్బం విభాగం నుంచి తీసేసి పాప్‌లోకి తోసేసింది. అదే ఆల్బంలోని ఒక పాటకి మాత్రం కంట్రీ పాటగా రెండు నామినేషన్లు ఇచ్చారు. పాట కంట్రీ, ఆల్బం కాదు! ఇందులో న్యాయం ఏముందో ఎవరైనా చెప్పండి. ఆవిడ రికార్డ్ కంపెనీకి అప్పటి నాష్‌విల్ ప్రెసిడెంట్ సిండీ మేబ్ నేరుగా గ్రామీలు ఇచ్చే అకాడమీకి ఉత్తరం రాసింది దీని మీద.

గిటార్_మాస్టారు
న్యాయం ఉంది బాబూ. ఆల్బం మొత్తం నిడివిలో సగానికి పైగా కంట్రీ ఉండాలన్నది రూలు. స్టార్ క్రాస్డ్ మీరు మొత్తం విన్నారా అసలు? విడాకుల కథని మూడు అంకాల నాటకంలా చేసి, సింథ్‌లు పెట్టి, ఫ్లూట్ పెట్టి, చివర్లో చిలీ దేశపు గాయని వియోలెటా పార్రా పాట స్పానిష్‌లో పాడింది. పాడటం తప్పనడం లేదు, గొప్పగా పాడింది. కానీ దాన్ని కంట్రీ అంటే నా చెవులు ఒప్పుకోవు. విడిగా ఒక పాట కంట్రీ అవ్వచ్చు, మొత్తం ఆల్బం కాకపోవచ్చు, ఇది లెక్క.

కరీంనగర్_డప్పు
గీ లెక్క మాకు మస్తు తెలుసు అన్నా. మా దిక్కు పల్లెపాటకి కీబోర్డు పెట్టి, డీజే బీటు ఏసి యూట్యూబ్ల ఇడుస్తరు, ఇది జానపదం కాదు, సినిమాపాట లెక్కుంది అని పెద్దమనుషులు లొల్లి చేస్తరు. మా చిన్నమ్మ నాట్లు ఏసుకుంట పాడిన పాటనే అది, మాట మారలే, గొంతు మారలే, ఎనక వాయిద్యం మారింది. పాట ఎవలదో, ఏ బతుకుల నుంచి ఒచ్చిందో చూడాలె. టెక్సాస్‌ల గోల్డెన్ అనే చిన్న ఊరు ఆమెది, ఎనిమిదేండ్లకే పాటలు రాసుడు మొదలువెట్టింది, ఆమె నోట్లె ఆ యాస ఉన్నది. సాలదా?

గిటార్_మాస్టారు
యాసతో జానర్ (పాట ఏ కోవదన్నది) తేలదు తమ్ముడూ. యాసే కొలత అయితే టెక్సాస్‌లో పుట్టిన రాపర్లందరూ కంట్రీయే కావాలి.

రేడియోరాణి
మీ ఇద్దరూ గంట నుంచి ఏది కంట్రీ, ఏది కాదు అని కొట్టుకుంటున్నారు గానీ, అది తేల్చేది ఎవరో మాట్లాడరేం? కంట్రీ రేడియో తేలుస్తుంది. నేను ఎనిమిదేళ్ళు హ్యూస్టన్‌లో రోజుకి రెండు గంటలు డ్రైవింగ్ చేశాను, ఒక్కోరోజు వెళ్ళేటప్పుడు ఒక్క ఆడగొంతు వినపడితే గొప్ప. 2015లో ఒక రేడియో కన్సల్టెంట్ బాహాటంగానే అన్నాడు, సలాడ్‌లో ఆకులు మగవాళ్ళు, ఆడవాళ్ళు టమాటాలు, రేటింగ్ కావాలంటే టమాటాలు తగ్గించుకోండని. కేసీ సోలోగా ఎయిర్‌ప్లేలో, అంటే రేడియోలో ఎంత వేశారన్న చార్టులో, టాప్ 10 లోపలికి వెళ్ళింది తన మొదటి సింగిల్‌తోనే, అదీ సరిగ్గా 10వ స్థానం. ఆల్బం ఆఫ్ ద ఇయర్ గెలిచిన ఆల్బంలోని పాటల్ని కూడా వాళ్ళు పెద్దగా వెయ్యలేదు. అలాంటప్పుడు ఆవిడ రేడియో కోసం గట్టిగా, హుషారుగా ఎందుకు పాడాలి? తనకి నచ్చినంత మెల్లగా పాడుకుంటోంది. ఆ మెత్తదనం వెనక పదేళ్ళ అవమానం ఉంది, రివ్యూ రాసేవాడు అది రాయడు.

ఫ్రిస్కో_డ్రైవర్
రాణి గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు, థాంక్స్. అందరికీ ఒక రిక్వెస్ట్, నా రెండో ప్రశ్న?

బేహైవ్_వైజాగ్
అన్నా, వారం క్రితం బియాన్సే ఆల్బం కౌబాయ్ కార్టర్ వచ్చింది, మీ ఆవిడకి అది పెట్టు, అయిపోయింది. అసలు ఈ చర్చంతా బియాన్సే గురించి జరగాలి. 2016లో ఆవిడ కంట్రీ పాటని గ్రామీ కమిటీ తిప్పి పంపింది. ఇప్పుడు ఫిబ్రవరిలో సింగిల్ వస్తే ఓక్లహోమాలో ఒక స్టేషన్ ముందు వెయ్యనంది, ఫ్యాన్స్ గొడవ చేశాక వేసింది. అదే పాట హాట్ కంట్రీ సాంగ్స్ చార్టులో నంబర్ వన్, ఒక నల్లజాతి మహిళకి అది మొట్టమొదటిసారి. కేసీకి ఒక్క విభాగం మారిస్తేనే ఇంత బాధపడుతున్నారు, నల్లజాతి వాళ్ళనైతే గేటు దగ్గరే ఆపేశారు.

గిటార్_మాస్టారు
బాంజో పెట్టి హ్యాట్ పెట్టుకుంటే కంట్రీ అయిపోదు. బాంజో అమెరికా తూర్పున అపలాచియా కొండల్లో తెల్లరైతుల తీగ వాయిద్యం, దాని సంప్రదాయం దానికి ఉంది.

నాష్‌విల్_తెలుగోడు
మాస్టారూ ఇక్కడ మాత్రం ఊరుకోను. 22 ఏళ్ళు నేర్పుతున్నానని చెప్పి ఇంత తప్పు మాట అనకూడదు. బాంజో పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వాయిద్యం. సొరకాయ బుర్రకి తోలు బిగించి, కర్ర పెట్టి తీగలు కట్టేవాళ్ళు. మన బుర్రవీణ, తంబూరాల బుర్ర ఎలా ఉంటుందో అలాంటిదే. తెల్లవాళ్ళు తర్వాత నేర్చుకున్నారు. బియాన్సే పాటలో బాంజో వాయించిన రియానన్ గిడెన్స్ జీవితమంతా ఈ చరిత్ర చెప్పడానికే తిరుగుతోంది. 1969లోనే కంట్రీకి పేరున్న వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీ స్టేజి మీద సోలోగా పాడిన మొదటి నల్లజాతి మహిళ లిండా మార్టెల్, ఒక్క ఆల్బం తర్వాత ఆవిడ కెరీర్ ఆగిపోయింది, ఇప్పుడు ఎనభై దాటాక ఈ ఆల్బంలో ఆవిడ గొంతు వినపడింది. తెలియకపోతే అడగండి, చెప్తాం. తెలిసినట్టు మాట్లాడొద్దు.

గిటార్_మాస్టారు
పెద్దవాణ్ణి పట్టుకుని ఆ మాట అనడం బాలేదు. బాంజో పుట్టుక సంగతి చదివాను ఇప్పుడు, ఒప్పుకుంటున్నా, నేనన్నది తప్పు. జానర్ విషయంలో మాత్రం నా మాట నాదే.

వీణాపాణి_మైలాపూర్
కొంచెం వాతావరణం చల్లబడితే ఒక మాట. హెడ్‌ఫోన్స్ గురించి అడిగారు కదా, తప్పకుండా మారుతుంది. నేను వీణ నేర్చుకున్నాను, కంట్రీలో నన్ను లాగింది పెడల్ స్టీల్ గిటార్. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం, మధ్యలో ఆ చిన్న వణుకు, అది విన్నప్పుడు వీణ తీగ పక్కకి లాగి పలికించే గమకమే గుర్తొస్తుంది. ఈ కొత్త ఆల్బంలో అలాంటివన్నీ బాగా వెనక్కి, చాలా చిన్నగా పెట్టారు, కారు రొదలో వినపడవు. దీని ప్రొడ్యూసర్లు డానియెల్ తాషియాన్, ఇయన్ ఫిచుక్ గోల్డెన్ అవర్‌కి కూడా పనిచేసినవాళ్ళే, కాబట్టి చేతకాక కాదు, కావాలనే తగ్గించారు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, పాటలన్నీ దాదాపు ఒకే కాలంలో నడుస్తాయి. కచేరీలో వరసగా విలంబంలోనే, నెమ్మదిగానే పాడితే ఎంత గొప్ప విద్వాంసులైనా సభ లేచిపోతుంది. ఎనిమిది, తొమ్మిది పాటల మధ్య ఒక్క దుడుకైన పాట పడాల్సింది.

రేడియోరాణి
సరే, రెండో ప్రశ్న నేను చెప్తా. 2013లో పెద్ద కంపెనీ తరఫున వచ్చిన మొదటి ఆల్బం పెట్టండి, సేమ్ ట్రైలర్ డిఫరెంట్ పార్క్. 21 ఏళ్ళకి ఇద్దరు పిల్లలు లేకపోతే ఒంటరిగా పోతావని భయపెట్టే ఊరి గురించి పాడింది అందులో. నేను మొదటిసారి విన్నప్పుడు ఈవిడ ఎప్పుడైనా మా తణుకు వచ్చిందా అనుకున్నా. ప్రతి పెళ్ళిలో నన్ను అదే ప్రశ్న అడిగారు. మన ఆడవాళ్ళకి ఆ పాట వివరించక్కర్లేదు.

బేహైవ్_వైజాగ్
(2025 ఫిబ్రవరి) పాత చర్చ పైకి తెస్తున్నా. గ్రామీల్లో కౌబాయ్ కార్టర్‌కి బెస్ట్ కంట్రీ ఆల్బం, ఆల్బం ఆఫ్ ద ఇయర్ రెండూ వచ్చాయి!! డీపర్ వెల్ కూడా కంట్రీ ఆల్బం నామినేషన్‌లో ఉంది, అంటే కమిటీకి ఈసారి అది కంట్రీయే అనిపించింది. మాస్టారు ఎక్కడ?

బావిగట్టు
ఆ పదో పాటకి బెస్ట్ కంట్రీ సాంగ్ వచ్చిందండీ. పొద్దున్నే చూసి అమ్మ ఫోటో ముందు కాసేపు కూర్చున్నాను.

గిటార్_మాస్టారు
(2025 జూన్) ఇక్కడే ఉన్నాను. గ్రామీ వాళ్ళు ఇప్పుడు కంట్రీ ఆల్బంని సంప్రదాయ, సమకాలీన అని రెండు విభాగాలు చేశారు, వచ్చే ఏడాది నుంచి అమలు. ఈ రెండూ ఒకటి కాదని నేను చెప్తున్నదే కదా.

నాష్‌విల్_తెలుగోడు
పాత పాట అంటే తెల్లవాళ్ళ పాటే అనే అర్థంలో ఆ గీత గీస్తే మాత్రం మళ్ళీ ఇక్కడే కలుద్దాం మాస్టారూ. బియాన్సే గెలిచిన నాలుగు నెలలకే ఇలా విడగొట్టడం నాకు నచ్చలేదు.

ఫ్రిస్కో_డ్రైవర్
(2025 అక్టోబర్) ఏడాదిన్నర అయింది, చెప్పాల్సింది ఉంది. గోల్డెన్ ఊళ్ళో ఏటా అక్టోబర్‌లో చిలగడదుంపల జాతర చేస్తారు, మా నుంచి గంటన్నర పైనే డ్రైవ్, ఈసారి మా ఆవిణ్ణి తీసుకెళ్ళా. వెళ్ళేటప్పుడు రాణి గారు చెప్పిన 2013 ఆల్బం పెట్టా, బాగుంది అంది, అంతే. తిరుగు ప్రయాణంలో డీపర్ వెల్ దానంతటదే మొదలైంది, నేను మారుద్దామని చెయ్యి పెట్టేలోపు ఏడో పాట వచ్చింది. అందులో కేసీ తను పోయాక ఈ లోకంలో ఏమేం మిస్ అవుతుందో వరసగా చెప్పుకుంటూ పోతుంది కదా, స్నేహితులతో భోజనం, టెక్సాస్ ఆకాశం, గుర్రాలు, కుక్కలు, అక్కడి చట్టాలు మాత్రం వద్దని. ఉంచు, ఉంచు అంది మా ఆవిడ. పాట అయిపోయాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసి తన లిస్టు మొదలుపెట్టింది. తెనాలిలో వాళ్ళ పెరట్లో కరివేపాకు చెట్టు, వాళ్ళ నాన్నగారు తడిగుడ్డతో సైకిల్ తుడిచే చప్పుడు, కాలవ మీద సాయంత్రం గాలి, మా అమ్మాయి నిద్రలో పలవరింత. ఇల్లు వచ్చేదాకా చెప్తూనే ఉంది. ఇన్నాళ్ళూ నేను ఈ ఆల్బం సరిగ్గా వినలేదు. వినైల్ ఆర్డర్ పెట్టాను.