సమస్య: "ఎక్కకయె విమానము నుండి యింతి దిగెను"

నిర్వాహకుడు (సీతమ్మధార): మొన్న మన విశాఖ ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర విన్నాను. "మీరు ఆఫ్‌లోడ్ అయ్యారమ్మా" అన్నాడు కుర్రాడు. "నేను ఎక్కనే లేదు కదా నాయనా, ఎలా దించేశారు?" అందావిడ. సాయంత్రానికి అదే పాదమైంది. దీన్ని ఆఖరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు పూరించాలి. కానివ్వండి.

గాజువాక గళం:

వెబ్బులో రుసుమును గట్టి వేచి యుండ
పేరు జాబితా నుండియె పీకివేసి
సీటు వేరొకరికి నిచ్చె సిస్టమె యట;
ఎక్కకయె విమానము నుండి యింతి దిగెను!

మా అక్క కథ ఇది. డబ్బు కట్ అయింది, పీఎన్‌ఆర్ వచ్చింది, తీరా వెళ్తే పేరు లేదు. ఫోన్ చేద్దామంటే వెబ్‌సైట్‌లో నంబర్ ఉండాల్సిన చోట చాట్ పెట్టె. అమ్మకు వీల్‌చైర్ కావాలని టిక్కు పెట్టే గడి పోయినేడు ఉండేది, ఈసారి ఎంత వెతికినా కనబడలేదు. మర్నాటి విమానానికి వెబ్ చెక్-ఇన్ తెరుచుకోలేదు, కౌంటర్‌లో బోర్డింగ్ పాస్‌కి మళ్లీ డబ్బు కట్టించుకున్నారు.

భీమిలి బాబాయి: "యట" దగ్గర ఆగిపోయానమ్మా. తప్పు ఎవరిదీ కాకుండా పోయింది, ఆ ఒక్క మాటలో. అన్నట్టు, కౌంటర్‌లో బోర్డింగ్ పాస్‌కి అదనంగా తీసుకోకూడదని 2022 జూలైలోనే పౌర విమానయాన శాఖ చెప్పింది. రసీదు ఉంటే ఫిర్యాదు పెట్టించు.

ఎంవీపీ మాస్టారు: పద్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సమస్యలో ఉన్నది "దిగెను". మీ పద్యంలో ఆమెను దించారు. క్రియ కుదరలేదు. నా పూరణ:

గర్భమందుండి గగనాన కనులు దెఱచి
తల్లి యొడిలోన నవ్వుచు దరిని జేరె
టికెటు లేదు పీయెన్నారు డేట లేదు
ఎక్కకయె విమానము నుండి యింతి దిగెను!

గాజువాక గళం: ఊహ చాలా గొప్పది మాస్టారూ. కానీ పసిపాప ఇంతి ఎలా అవుతుంది? పైగా ముందు "టికెట్టు" అని పెట్టారు, పది నిమిషాల్లో దిద్దారు, నేను చూశాను. "డేటా"ని "డేట" చేసిందీ గణం (పాదంలో అక్షరాల కొలత) కోసమే. పోయిన నెల సముద్రం సమస్యలో నా ఒక్క యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) పట్టుకుని మూడు రోజులు వదల్లేదు మీరు.

ఎంవీపీ మాస్టారు: ఆ యతి ఇప్పటికీ తప్పే.

నిర్వాహకుడు: సముద్రం సంగతి ఆ సమస్య కిందే రాయండి.

పెదవాల్తేరు:

బీచి రోడ్డున నిలిపిన వీరఖగము
లోని కేగి, యంతయు జూచి, లోహపక్షి
కదల దెన్నడు నెచటికి, గనుక నింగి
కెక్కకయె విమానము నుండి యింతి దిగెను!

భీమిలి బాబాయి: మన బీచి రోడ్డు మ్యూజియం విమానం టీయూ-142! 29 ఏళ్లు నౌకాదళంలో ఎగిరి, 2017లో కురుసుర జలాంతర్గామి ఎదురుగా వచ్చి నిలిచింది. "నింగి కెక్కకయె" అని విరిచిన తీరుకి దండం.

ఎంవీపీ మాస్టారు: "కెక్క" అయ్యాక యతి నిలుస్తుందా?

నిర్వాహకుడు: "నింగికి + ఎక్కకయె" సంధిలో "ఎ" అచ్చు ఉంది, "యింతి"తో యతి చెల్లుతుంది. ఈసారి మొదటి స్థానం పెదవాల్తేరుకే.

గాజువాక గళం: నాకూ ఇష్టమే ఆ పూరణ. మాస్టారికి మాత్రం ఒక్క మాట. "దించెను" అని రాయడం నాకు చేతకాక కాదు. వాళ్ల కంప్యూటర్‌లో మా అక్క పేరు పక్కన "నో షో" అని ఉంది, అంటే తనంతట తానే రాలేదని. కౌంటర్ ముందు రెండు గంటలు నిలబడిన మనిషి! అందుకే "దిగెను" ఉంచాను.

ఎంవీపీ మాస్టారు: అలాగైతే క్రియ కుదిరింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.