అప్‌డేట్: పోలిష్‌లో టీని ‘హెర్బాతా’ అని ఎందుకు అంటారు?

రష్యన్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ భాషలన్నీ ‘చాయ్’ అంటుంటే పోలిష్ ఒక్కటే ‘హెర్బాతా’ అనడం ఏమిటని అడిగాను కదా, జవాబు దొరికింది. ముందుగా నా తప్పు: ‘ఒక్కటే’ కాదు. బెలారుసియన్‌లోనూ ‘హర్బాతా’ ఉంది. పక్కనున్న లిథువేనియన్, వీటిలా స్లావిక్ కుటుంబపు భాష కాకపోయినా అక్కడా ‘అర్బతా’యే.

నేను అచ్చమైన స్లావిక్ మాట అనుకున్నది తీరా చూస్తే లాటిన్! ‘హెర్బా తేయా’, అంటే టీ మూలిక. మొదట్లో దాన్ని మందుగానే చూశారట. మన కషాయంలా అన్నమాట. అందులోని ‘తే’ చైనాలోని ఫుజియన్ తీరపు మాట, డచ్చివారి ఓడలెక్కి పడమటికి వచ్చింది. రష్యన్ ‘చాయ్’ నేలదారిన, ఆసియా భాషల మీదుగా చేరింది. 1638లో మంగోల్ ఖాన్ ఒకరు జార్ మిఖాయిల్‌కు టీ ఆకు కానుకగా పంపారు. రష్యా, చైనాల మధ్య 1727లో కుదిరిన క్యాఖ్తా ఒప్పందం తర్వాత ఒంటెల బిడారులతో టీ వ్యాపారం స్థిరపడింది.

నాకు బాగా నచ్చినది మాత్రం వేరే. అంత పట్టుగా ‘హెర్బాతా’ అనే పోలిష్ వాళ్లు, దానికి నీళ్లు కాచే కెటిల్‌ను రష్యన్ నుంచి తెచ్చుకున్న మాటతో ‘చాయ్నిక్’ అంటారు!