అప్‌డేట్: చికాకుల్లో కృతజ్ఞత గురించి అడిగాను కదా

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ పనిచేయకపోవడం, ఆఫీసులో అయిన పనే మళ్లీ చేయాల్సి రావడం, ఇంట్లో పిల్లల గొడవ... వీటి మధ్య దేవునికి స్తోత్రం చెప్తే నటిస్తున్నట్టు అనిపిస్తోందని అప్పుడు రాశాను. ముందు విసుగంతా దేవునికే చెప్పుకోమని, బైబిల్లోని 13వ కీర్తన (దేవునికి పాడే ప్రార్థన గీతం) చదవమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ సలహాకు నిజంగా రుణపడి ఉన్నాను.

ఆ కీర్తనలో ఉన్నవి 6 వచనాలే. "ఎంతకాలం?" అన్న ప్రశ్నతో మొదలై పాటతో ముగుస్తుంది. మధ్యలో పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు! నాకు బాగా ధైర్యం ఇచ్చింది అదే. 88వ కీర్తనైతే చీకట్లోనే ఆగిపోతుంది, అయినా అదీ ప్రార్థనే. బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో (అంటే ఉత్తరంలో) విన్నపాలను కృతజ్ఞతతో కలిపి దేవునికి తెలియజేయమన్న అపొస్తలుడైన పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. బాధలో ఉన్నవాళ్లకు కృతజ్ఞత చెప్పమనే ఈ మాట నెమ్మదిగా చెప్పాలి, మొహం మీద వచనం విసిరినట్టు కాదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ఇప్పుడు రాత్రి ప్రార్థనలో ముందు ఆ రోజు టెన్షన్ ఏమిటో పేరుపెట్టి చెప్తున్నాను. తర్వాత ఆ రోజులోనే అందిన ఒక మేలు కోసం స్తోత్రం. కోపం ఇంకా వస్తోంది, కానీ ప్రార్థన మానేయాలనిపించడం లేదు. పిల్లలు కూడా తమ వంతు చెప్తామని అడుగుతున్నారు. చిన్న పిల్లలతో కుటుంబ ప్రార్థన ఎలా చేసుకుంటున్నారో ఎవరైనా చెప్తారా?