అప్‌డేట్: హెపటైటిస్ బి పాజిటివ్ అని అడిగాను కదా, పాప రిపోర్టు వచ్చింది

ఐదో నెలలో చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ బి (లివర్‌కు సోకే వైరస్) పాజిటివ్ వచ్చిందని, బిడ్డకు సోకుతుందా, పాలివ్వొచ్చా అని అప్పట్లో అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరన్నట్టే పెద్దాసుపత్రిలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, చేయించాం. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే మందు వాడాలన్నారు. నాకు చాలా ఎక్కువ ఉంది. 28వ వారం నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర రోజూ ఒకటి వేసుకున్నాను. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ఉచితం. ఆ మాట మొదట పరీక్ష చేసిన చోట ఒక్కరూ చెప్పలేదు, ఇప్పటికీ బాధే.

అత్తయ్య నా కంచం, గ్లాసు వేరు పెట్టారని రాశాను కదా. కలిసి తింటే ఇది అంటుకోదని డాక్టరమ్మ ఆవిడకే నేరుగా చెప్పారు. ఆ రాత్రి ఆవిడే అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టారు. మావారికి నెగెటివ్ వచ్చింది, మూడు డోసుల టీకా వేయించుకున్నారు.

పాప పుట్టిన రెండు గంటల్లోపే ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) వేశారు. ఏడ్చి ఏడ్చి నా వేలు పట్టుకుని నిద్రపోయింది. తర్వాత 6, 10, 14 వారాల టీకాలు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. పాలు మొదటి రోజు నుంచీ నావే.

పది నెలలు నిండాక మొన్న పరీక్ష చేయించాం. పాపకు నెగెటివ్! రక్షణ కూడా బాగా వచ్చిందట. నేను మాత్రం లివర్ డాక్టర్ దగ్గరికి ఆరు నెలలకోసారి వెళ్లాలి.